జాంగో ఏపీఐకి ఏ టోకెన్ పెట్టాలి? ముందు లాగౌట్ సంగతి చూడండి

ఈమధ్య కొత్తవాళ్ళ ప్రాజెక్టులు చాలా చూశాను. అమీర్‌పేటలో కోర్సు చేసి వచ్చినవాళ్ళవి కొన్ని, ఇంజినీరింగ్ చివరి సంవత్సరం పిల్లలవి కొన్ని. జాంగో (పైథాన్‌లో సర్వర్ వైపు కోడ్ రాసే ఫ్రేమ్‌వర్క్) ఉన్న ప్రతిచోటా పక్కనే జేడబ్ల్యూటీ (జేసన్ వెబ్ టోకెన్, ఒక రకం లాగిన్ టోకెన్) ఉంది. ఎందుకు పెట్టారని అడిగితే "అందరూ అదే కదా సార్ వాడేది" అంటారు. వాళ్ళను అని లాభం లేదు, నేర్పించే వీడియోలు చాలావరకు లాగిన్ పనిచేసిందని చూపించి అక్కడితో ఆపేస్తాయి. లాగిన్ ఏ పద్ధతిలో పెట్టినా ఒక పూట పని. తేడా తెలిసేది ఆ తర్వాతే: యూజర్ ఫోన్ పోయినప్పుడు, పాస్‌వర్డ్ మార్చినప్పుడు, ఉద్యోగం మానేసిన మనిషికి యాక్సెస్ తీసేయాల్సి వచ్చినప్పుడు. అందుకే ఎవరు సలహా అడిగినా నేను ముందు అడిగేది ఒకటే. లాగిన్ అయ్యాక యూజర్‌కి గుర్తింపుగా ఇచ్చిన టోకెన్‌ని వెనక్కి తీసుకోవడానికి మీ దగ్గర దారి ఉందా, ఉంటే ఎంతసేపు పడుతుంది? దీనికి జవాబు దొరికితే ఏ పద్ధతి పెట్టాలో దాదాపు తేలిపోయినట్టే.

ఇక్కడ చెప్పేదంతా జాంగోలో ఏపీఐలు (యాప్‌లూ వేరే ప్రోగ్రాములూ సర్వర్‌ని పిలిచే దారులు) రాయడానికి వాడే జాంగో రెస్ట్ ఫ్రేమ్‌వర్క్ గురించి, అంటే మనవాళ్ళు డీఆర్‌ఎఫ్ అనేదాని గురించి. వేరే ఫ్రేమ్‌వర్క్ వాడేవాళ్ళకు ప్యాకేజీల పేర్లు మారతాయి కానీ ఆలోచన ఇదే.

అసలు టోకెన్ కావాలా?

మీ యూజర్లు బ్రౌజర్‌లోంచి మాత్రమే వస్తారా, ఫ్రంటెండూ బ్యాకెండూ ఒకే డొమైన్ కింద ఉంటాయా? అయితే టోకెన్ మాట పక్కనపెట్టి జాంగోలో ముందే ఉన్న సెషన్ వాడండి, అంటే లాగిన్ వివరం సర్వర్ దగ్గర ఉంచి బ్రౌజర్‌కి కుకీ అనే చిన్న గుర్తు ఇచ్చే పద్ధతి. రియాక్ట్‌లో రాశాం కాబట్టి టోకెన్ తప్పదని చాలామంది అనుకుంటారు, అదేం లేదు. జావాస్క్రిప్ట్ నుంచి సర్వర్‌కి పంపే ఫెచ్ కాల్‌తో పాటు కుకీ కూడా వెళ్తుంది. జాంగో సెషన్ కుకీకి హెచ్‌టీటీపీ ఓన్లీ అన్న గుర్తు డిఫాల్ట్‌గానే ఉంటుంది కాబట్టి పేజీలోకి ఎవరైనా దొంగ స్క్రిప్ట్ ఎక్కించినా ఆ కుకీని చదివి ఎత్తుకుపోలేరు. సేమ్‌సైట్ విలువ లాక్స్ అని ఉంటుంది, అంటే వేరే సైట్లు పంపించే చాలా రిక్వెస్టులతో ఆ కుకీ వెళ్ళదు. గడువు రెండు వారాలు. యూజర్ పాస్‌వర్డ్ మారిస్తే మిగతా చోట్ల తెరిచి ఉన్న సెషన్లు వాటంతట అవే చెల్లకుండా పోతాయి. ఇవన్నీ టోకెన్‌తో చేయాలంటే ఒక్కోటీ మీరే కట్టుకోవాలి.

మీ మీద పడే అదనపు పని సీఎస్‌ఆర్‌ఎఫ్ (యూజర్‌కి తెలియకుండా వేరే సైట్ అతని పేరుతో రిక్వెస్ట్ పంపించడం) నుంచి కాపాడుకోవడం ఒక్కటే. డీఆర్‌ఎఫ్‌లో సెషన్ ఆథెంటికేషన్ పెడితే పోస్ట్, పుట్, డిలీట్ లాంటి రిక్వెస్టులకు సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్‌ని (ఇది లాగిన్ టోకెన్ కాదు) రిక్వెస్ట్ హెడర్‌లో పంపాలి. మొదటిరోజు 403 (అనుమతి లేదన్న జవాబు) చూసి చిరాకుపడి, దాన్ని తప్పించుకోవడానికే జేడబ్ల్యూటీకి మారినవాళ్ళు నాకు తెలుసు. దయచేసి ఆ పని చేయకండి, కుకీలోంచి విలువ తీసి హెడర్‌లో పెట్టడం పది లైన్ల కోడ్ కూడా కాదు.

మొబైల్ యాప్ ఉందా, ఇంకో కంపెనీ సర్వర్ మీ ఏపీఐని పిలుస్తుందా, షాపులో పెట్టిన మెషీన్ డేటా పంపుతుందా? అప్పుడు టోకెన్ కావాలి.

టోకెన్లు రెండు రకాలు

గుడి బయట చెప్పుల స్టాండ్‌లో ఇచ్చే బిళ్ళ ఉంటుంది కదా. దాని మీద నంబర్ తప్ప ఏమీ ఉండదు. అది ఎవరిదో, ఏ గడిలో ఏ చెప్పులున్నాయో స్టాండ్ వాళ్ళకే తెలుసు. వాళ్ళు ఆ నంబర్ కొట్టేస్తే బిళ్ళ చేతిలో ఉన్నా పనికిరాదు. మొదటి రకం టోకెన్ ఇలాంటిదే: అర్థం లేని పొడవాటి అక్షరాల వరస, రిక్వెస్ట్ వచ్చిన ప్రతిసారీ డేటాబేస్‌లో వెతికి ఎవరిదో తేల్చుకుంటాం.

రెండోది ఆర్టీసీ బస్ పాస్ లాంటిది. కండక్టర్ పాస్ తీసుకుని తేదీ, ముద్ర చూస్తాడు, సరిగ్గా ఉంటే ఎక్కించుకుంటాడు. ప్రతి పాస్‌కూ డిపోకి ఫోన్ చేయడు. జేడబ్ల్యూటీ ఈ రకం. 2015లో ఆర్‌ఎఫ్‌సీ 7519 అనే ఇంటర్నెట్ పత్రంగా ప్రమాణం అయింది, పేరుని "జాట్" అని పలకమని అందులోనే రాశారు. చుక్కలతో విడదీసిన మూడు ముక్కలు: హెడర్, లోపలి సమాచారం, సంతకం. సంతకం సరిపోతే, గడువు దాటకపోతే చెల్లుతుంది. డిపోలో ఏం జరిగిందో కండక్టర్‌కి తెలియదు, అందుకే ఆ పాస్‌ని రద్దు చేసినా అతను ఎక్కించుకుంటూనే ఉంటాడు. జేడబ్ల్యూటీ బలమూ బలహీనతా రెండూ ఇదే.

డీఆర్‌ఎఫ్‌తో వచ్చే టోకెన్

డీఆర్‌ఎఫ్‌లోనే ఆథ్‌టోకెన్ అని ఒక యాప్ ఉంది. సెట్టింగ్స్‌లోని ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో చేర్చి, మైగ్రేట్ (డేటాబేస్‌లో టేబుళ్ళు తయారుచేసే కమాండ్) కొట్టి, లాగిన్‌కి ఒక యూఆర్‌ఎల్ ఇస్తే అయిపోయింది. 40 అక్షరాల కీ వస్తుంది, ఆథరైజేషన్ హెడర్‌లో ముందు "టోకెన్" అన్న మాట, ఒక ఖాళీ, ఆ తర్వాత కీ. అంత తేలిక కాబట్టే చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

దీనిలో మూడు లోపాలున్నాయి. ఒక యూజర్‌కి ఒకే టోకెన్, అంటే ఫోన్‌లోనూ ట్యాబ్‌లోనూ ఉండేది అదే కీ, ఒకదాంట్లో లాగౌట్ అని కీ తీసేస్తే రెండోదీ ఆగిపోతుంది. గడువు లేదు, మీరు తీసేసేదాకా ఏళ్ళ తరబడి పనిచేస్తూనే ఉంటుంది, యూజర్ పాస్‌వర్డ్ మార్చినా సరే. మూడోది నాకు అన్నిటికంటే భయం కలిగించేది: కీ డేటాబేస్‌లో ఉన్నది ఉన్నట్టుగా ఉంటుంది. పాస్‌వర్డ్‌లని హ్యాష్ చేసి (వెనక్కి తిప్పలేని రూపంలోకి మార్చి) జాగ్రత్తగా దాచుకుంటాం, పక్క టేబుల్‌లో మాత్రం అందరి తాళంచెవులూ బయటే పెట్టినట్టు. టెస్టింగ్ కోసమని ఎవరో డేటాబేస్ డంప్ తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టుకున్నారంటే, ఆ ఫైల్ దొరికినవాళ్ళు ఏ యూజర్ పేరుతోనైనా లోపలికి రావచ్చు.

అయితే దీన్ని వాడనే కూడదని కాదు. ఆఫీసు లోపల నడిచే స్క్రిప్టులకు, ఒక సర్వర్ ఇంకో సర్వర్‌తో మాట్లాడేచోట, ఐదారుగురు వాడే చిన్న టూల్‌కి ఇది చాలు. బయటి జనం వాడే మొబైల్ యాప్‌కి మాత్రం వద్దు. డీఆర్‌ఎఫ్ డాక్యుమెంటేషన్ కూడా ఇది సాదాసీదా అమలు అని ఒప్పుకుని, ఒకటికి మించి టోకెన్లూ గడువూ కావాలంటే నాక్స్ అనే ప్యాకేజీ చూడమంటుంది.

నాక్స్: మొబైల్ యాప్ ఉంటే నా మొదటి ఓటు దీనికే

జాంగో రెస్ట్ నాక్స్ కూడా చెప్పుల బిళ్ళ రకమే, కాకపోతే పైన చెప్పిన మూడు లోపాలనూ సరిదిద్దింది. లాగిన్ అయిన ప్రతిసారీ కొత్త టోకెన్, కాబట్టి ఫోన్‌ది వేరు, ట్యాబ్‌ది వేరు. డేటాబేస్‌లో ఉండేది హ్యాష్ మాత్రమే, అసలు టోకెన్ లాగిన్ అయిన క్షణంలో ఒక్కసారే కనిపిస్తుంది. గడువు ఉంటుంది. ఈ ఒక్క ఫోన్‌లో లాగౌట్ చేయడానికి ఒక వ్యూ (రిక్వెస్ట్‌కి జవాబిచ్చే కోడ్), అన్నిచోట్లా లాగౌట్ చేయడానికి ఇంకో వ్యూ సిద్ధంగా వస్తాయి.

పెట్టుకునేటప్పుడు రెండు చోట్ల అందరూ ఇరుక్కుంటారు. మొదటిది గడువు. డిఫాల్ట్‌గా 10 గంటలు. ఆఫీసు టూల్‌కి అది బాగుంటుంది కానీ, మామూలు యాప్‌లో రోజూ పొద్దున్నే పాస్‌వర్డ్ అడిగితే జనం తీసేసి పోతారు. టోకెన్ టీటీఎల్ అనే సెట్టింగ్‌ని 30 రోజులు చేసి ఆటో రిఫ్రెష్ ఆన్ చేయండి, అప్పుడు వాడుతున్నంతకాలం గడువు ముందుకు జరుగుతుంది, నెలరోజులు యాప్ తెరవనివాళ్ళకు మాత్రమే ఆగిపోతుంది. బ్యాంకు, ఆసుపత్రి లాంటి డేటా అయితే 30 రోజులు చాలా ఎక్కువ, అక్కడ గంటల్లోనే పెట్టండి. రెండోది లాగిన్ వ్యూ. ప్రాజెక్టు మొత్తానికి నాక్స్ ఆథెంటికేషన్ పెట్టి, నాక్స్ ఇచ్చిన లాగిన్ వ్యూని ఉన్నదున్నట్టు వాడితే, లాగిన్ అవ్వడానికే టోకెన్ అడుగుతుంది! గంటలు గంటలు 401 (లాగిన్ కాలేదన్న జవాబు) చూస్తూ కూర్చుంటారు. ఆ వ్యూని మీరు ఇన్హెరిట్ చేసి (దాని ఆధారంగా మీ సొంత క్లాస్ రాసి), దానికి అందరినీ అనుమతించే పర్మిషన్ ఇచ్చి, యూజర్ పేరూ పాస్‌వర్డూ సరిచూసుకున్నాక యూజర్‌ని లాగిన్ చేసి పేరెంట్ పోస్ట్‌ని పిలవాలి. నాక్స్ డాక్యుమెంటేషన్‌లో ఈ ఉదాహరణ ఉంది, అదే పెట్టుకోండి.

"ప్రతి రిక్వెస్ట్‌కీ డేటాబేస్ దగ్గరికి వెళ్తే స్లో అవదా?" ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఇండెక్స్ ఉన్న కాలమ్ మీద ఒక వెతుకులాట అది. మీ వ్యూలో జరిగే మిగతా క్వెరీలతో పోలిస్తే లెక్కలోకి రాదు. ఇంకో సంగతి చెప్తాను, చాలామందికి తెలియదు: డీఆర్‌ఎఫ్‌లో జేడబ్ల్యూటీ పెట్టడానికి వాడే సింపుల్ జేడబ్ల్యూటీ ప్యాకేజీలో అందరూ వాడే మామూలు ఆథెంటికేషన్ క్లాస్ కూడా ప్రతి రిక్వెస్ట్‌కీ యూజర్‌ని డేటాబేస్‌లోంచే తెస్తుంది. డేటాబేస్‌కి వెళ్ళకుండా పని జరగాలంటే స్టేట్‌లెస్ అన్న పేరుతో ఉన్న వేరే క్లాస్ పెట్టుకోవాలి. స్పీడ్ కోసమని జేడబ్ల్యూటీ ఎంచుకున్న ప్రాజెక్టుల్లో నేను చూసినవాటిలో ఒక్కదాంట్లోనూ అది లేదు. అంటే ఆదా అయిందేమీ లేదు, టోకెన్ రద్దు చేసే వీలు మాత్రం పోయింది.

జేడబ్ల్యూటీ, ఒక పోయిన ఫోన్

నేను పనిచేసిన ఒక చిన్న టీమ్‌లో జరిగింది ఇది. ఫీల్డ్ స్టాఫ్ వాడే యాప్. సింపుల్ జేడబ్ల్యూటీ పెట్టాం. దానిలో డిఫాల్ట్‌గా యాక్సెస్ టోకెన్ (ప్రతి రిక్వెస్ట్‌తో పంపేది) గడువు 5 నిమిషాలు, రిఫ్రెష్ టోకెన్ (కొత్త యాక్సెస్ టోకెన్ తెచ్చుకోవడానికి వాడేది) గడువు ఒక రోజు. యాప్ వైపు రిఫ్రెష్ కోడ్ రాయడానికి టైమ్ లేదని యాక్సెస్ టోకెన్‌నే 30 రోజులు చేసేశాం. అందరికీ హాయిగా ఉంది. ఒకరోజు స్టాఫ్‌లో ఒకబ్బాయి బస్సులో ఫోన్ పోగొట్టుకున్నాడు, ఆ ఫోన్‌కి లాక్ కూడా లేదు. వెంటనే అతని అకౌంట్‌ని ఇనాక్టివ్ చేశాం, టోకెన్ ఆగింది. సాయంత్రానికి కొత్త ఫోన్ కొనుక్కొచ్చాడు, పని చేసుకోవాలి కదా, అకౌంట్ మళ్ళీ ఆన్ చేశాం. ఆన్ చేయగానే పోయిన ఫోన్‌లో ఉన్న టోకెన్‌కి కూడా ప్రాణం వచ్చింది! పాస్‌వర్డ్ మార్చి చూశాం, తేడా లేదు, టోకెన్‌కి పాస్‌వర్డ్‌తో సంబంధమే లేదు. చివరికి రాత్రి పదకొండు దాటాక సర్వర్ సంతకాలకు వాడే జాంగో సీక్రెట్ కీ మార్చాం. ఆ ఒక్క ఫోన్ కోసం స్టాఫ్ మొత్తం లాగౌట్ అయిపోయారు, జాంగో అడ్మిన్‌లో ఉన్నవాళ్ళ సెషన్లు పోయాయి, అప్పుడే ఎవరికో పంపిన పాస్‌వర్డ్ రీసెట్ లింకులు కూడా చెల్లలేదు, ఎందుకంటే అన్నిటికీ సంతకం పెట్టేది ఆ కీ ఒక్కటే. ఆ రాత్రి పడ్డ టెన్షన్ ఇంకెవరూ పడకూడదనే ఇదంతా రాస్తున్నాను.

అలాగని జేడబ్ల్యూటీ చెడ్డది కాదు. దానికి సరైన చోటు ఉంది. మీకు నాలుగైదు వేర్వేరు సర్వీసులున్నాయి, లాగిన్ చూసుకునేది ఒకటి, ఆర్డర్లు ఇంకోటి, పేమెంట్లు ఇంకోటి, ఒక్కోదానికి ఒక్కో డేటాబేస్. అప్పుడు ప్రతి సర్వీసూ లాగిన్ సర్వీసుని అడగకుండా సంతకం చూసి నమ్మడం నిజంగా పనికొస్తుంది. అలాంటప్పుడు డిఫాల్ట్‌గా ఉన్న హెచ్‌ఎస్256 అనే సంతకం పద్ధతి వదిలేసి ఆర్‌ఎస్256కి మారండి. హెచ్‌ఎస్256లో సంతకం పెట్టేదీ సరిచూసేదీ ఒకే రహస్యం, దాన్ని ఐదు సర్వీసులకు పంచితే ఐదింటిలో ఏది లీకైనా దొంగ టోకెన్లు తయారైపోతాయి. ఆర్‌ఎస్256లో సంతకం పెట్టే ప్రైవేట్ కీ లాగిన్ సర్వీసు దగ్గరే ఉంటుంది, మిగతావాటికి సరిచూసే పబ్లిక్ కీ ఇస్తే చాలు.

జేడబ్ల్యూటీ పెట్టాలనే నిర్ణయించుకుంటే ఈ పనులు చేయకుండా వదలొద్దు. యాక్సెస్ టోకెన్ గడువు 5 నుంచి 15 నిమిషాలే ఉండనివ్వండి. రిఫ్రెష్ టోకెన్ వాడిన ప్రతిసారీ కొత్తది ఇచ్చేలా రొటేట్ సెట్టింగ్, పాతది చెల్లకుండా చేసే బ్లాక్‌లిస్ట్ సెట్టింగ్ రెండూ ఆన్ చేయండి, డిఫాల్ట్‌గా రెండూ ఆఫ్‌లో ఉంటాయి. టోకెన్ బ్లాక్‌లిస్ట్ యాప్‌ని ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో చేర్చి మైగ్రేట్ చేయకపోతే ఆ సెట్టింగ్ ఉన్నా లాభం లేదు. ఆ టేబుళ్ళు పెరుగుతూనే ఉంటాయి కాబట్టి గడువు తీరినవాటిని తుడిచే కమాండ్ ప్యాకేజీతోనే వస్తుంది, రోజుకోసారి క్రాన్‌లో (పనుల్ని టైమ్ ప్రకారం నడిపే టూల్) నడపండి. లాగౌట్ అంటే రిఫ్రెష్ టోకెన్‌ని బ్లాక్‌లిస్ట్‌లో వేయడమే, చేతిలో ఉన్న యాక్సెస్ టోకెన్ మిగిలిన కొన్ని నిమిషాలూ పనిచేస్తుంది, ఆ మాట మీ మేనేజర్‌కి ముందే చెప్పి ఉంచండి. సైనింగ్ కీ డిఫాల్ట్‌గా జాంగో సీక్రెట్ కీనే, దాన్ని వేరు చేయండి, అప్పుడు మాకు జరిగినట్టు ఒకటి మారిస్తే అన్నీ పోవు. పాస్‌వర్డ్ మారగానే పాత టోకెన్లు ఆగిపోవాలంటే కొత్త వెర్షన్లలో చెక్ రివోక్ టోకెన్ అనే సెట్టింగ్ ఉంది, అదీ మీరే ఆన్ చేయాలి.

రొటేషన్ ఆన్ చేశాక యాప్‌లో ఒక విచిత్రమైన బగ్ వస్తుంది. హోమ్ స్క్రీన్ తెరవగానే మూడు రిక్వెస్టులు ఒకేసారి వెళ్తాయి, మూడింటికీ 401 వస్తుంది, మూడూ విడివిడిగా రిఫ్రెష్‌కి పరిగెడతాయి. మొదటిదానికి కొత్త టోకెన్ వస్తుంది, పాతది బ్లాక్‌లిస్ట్‌లో పడుతుంది, మిగతా రెండూ అదే పాతది చూపిస్తాయి కాబట్టి యాప్ యూజర్‌ని బయటకి తోసేస్తుంది. "అప్పుడప్పుడు లాగౌట్ అయిపోతోంది" అన్న ఫిర్యాదు వస్తే ముందు ఇక్కడ చూడండి. యాప్‌లో రిఫ్రెష్ పని ఒక్కటే నడవాలి, మిగతా రిక్వెస్టులు అది అయ్యేదాకా ఆగాలి.

ఇంకొకటి. జేడబ్ల్యూటీ లోపలి సమాచారం రహస్యం కాదు, ఎవరైనా డీకోడ్ చేసి చదవొచ్చు. సంతకం మార్పుల్ని పట్టిస్తుందే కానీ చూపుని ఆపదు. ఫోన్ నంబర్, ఆధార్, జీతం లాంటివి అందులో పెట్టకండి. యూజర్ ఐడీ చాలు.

ఓఆథ్ గురించి రెండు మాటలు

మీ యూజర్ల డేటాని వాళ్ళ అనుమతితో బయటి కంపెనీల యాప్‌లు వాడుకోవాలంటేనే ఓఆథ్ 2 సర్వర్ మీరు నడపాలి, దానికి జాంగో ఓఆథ్ టూల్‌కిట్ ఉంది. "గూగుల్‌తో లాగిన్" బటన్ కోసం అదంతా అక్కర్లేదు. గూగుల్ ఇచ్చిన ఐడీ టోకెన్‌ని మీ సర్వర్‌లో సరిచూసి, ఆ తర్వాత మీ నాక్స్ టోకెన్ మీరు ఇస్తే సరి.

టోకెన్ ఎక్కడ దాచాలి?

ఆండ్రాయిడ్‌లో కీస్టోర్ సాయంతో ఎన్‌క్రిప్ట్ చేసి, ఐఫోన్‌లో కీచెయిన్‌లో. బ్రౌజర్‌లో లోకల్ స్టోరేజ్‌లో పెట్టకండి, పేజీలో నడిచే ఏ జావాస్క్రిప్ట్ అయినా దాన్ని చదవగలదు, మీరు వేసుకున్న ఏదో ఒక ఎన్‌పీఎమ్ (జావాస్క్రిప్ట్) ప్యాకేజీలో దొంగ కోడ్ చేరినా టోకెన్ పోయినట్టే. బ్రౌజర్‌కి హెచ్‌టీటీపీ ఓన్లీ కుకీయే మేలు, అక్కడిదాకా వచ్చాక సెషనే తేలికని మళ్ళీ చెప్తున్నాను. రెండూ కలిపి పెట్టుకోవచ్చు కూడా: డీఆర్‌ఎఫ్‌లో ఆథెంటికేషన్ క్లాసులు ఒక జాబితా, మొబైల్‌కి నాక్స్, వెబ్‌కి సెషన్, రెండూ అందులో ఉండొచ్చు. జాబితాలో నాక్స్‌ని ముందు పెట్టండి. లాగిన్ కాని రిక్వెస్ట్‌కి 401 ఇవ్వాలా 403 ఇవ్వాలా అన్నది మొదటి క్లాస్‌ని బట్టి తేలుతుంది, సెషన్ ముందుంటే 403 వస్తుంది, 401 కోసం ఎదురుచూసే యాప్ అయోమయంలో పడుతుంది.

యూఆర్‌ఎల్‌లో టోకెన్ ఎప్పుడూ పంపకండి, సర్వర్ లాగుల్లో అలాగే మిగిలిపోతుంది. హెచ్‌టీటీపీఎస్ లేకపోతే ఇక్కడ చెప్పినవేవీ మిమ్మల్ని కాపాడవు.

పైకి పంపే ముందు

డీఆర్‌ఎఫ్‌లో డిఫాల్ట్ పర్మిషన్ అందరికీ అనుమతి ఇచ్చేది. ఆథెంటికేషన్ క్లాస్ పెట్టినంత మాత్రాన ఎవరినీ ఆపదు, వచ్చింది ఎవరో గుర్తుపడుతుంది అంతే. డిఫాల్ట్ పర్మిషన్‌ని ఈజ్ ఆథెంటికేటెడ్ అని మార్చి, లాగిన్, రిజిస్ట్రేషన్ లాంటివాటికి మాత్రమే విడిగా తలుపు తీయండి. నాకు తెలిసి టోకెన్ ఏదన్నదానికంటే దీని వల్లే ఎక్కువ డేటా బయటపడుతుంది. డీఆర్‌ఎఫ్ సొంత టోకెన్ వాడితే దాని లాగిన్ వ్యూకి రిక్వెస్టుల పరిమితి డిఫాల్ట్‌గా లేదు, త్రాటిల్ క్లాస్‌తో ఇన్హెరిట్ చేసుకోండి. అపాచీ వెబ్ సర్వర్ మీద మోడ్ డబ్ల్యూఎస్‌జీఐతో (జాంగోని అపాచీతో కలిపే మాడ్యూల్) నడిపేవాళ్ళకు లోకల్‌లో పనిచేసిన టోకెన్ సర్వర్‌లో పనిచేయదు, ఆథరైజేషన్ హెడర్‌ని అది యాప్ దాకా రానివ్వదు. డబ్ల్యూఎస్‌జీఐ పాస్ ఆథరైజేషన్ అనే డైరెక్టివ్‌ని ఆన్ అని పెడితే సరిపోతుంది.

తర్వాత రెండు ఫోన్లు తీసుకుని ఒకే అకౌంట్‌తో లాగిన్ అవ్వండి. ఒకదాన్ని పోయిన ఫోన్ అనుకుని సర్వర్ వైపు నుంచి దాని టోకెన్ ఒక్కటీ ఆపండి, రెండోది పనిచేస్తూనే ఉండాలి. పాస్‌వర్డ్ మార్చి, పాత టోకెన్‌తో రిక్వెస్ట్ కొట్టి చూడండి. అకౌంట్ ఆపి, మళ్ళీ ఆన్ చేసి, పోయిన ఫోన్‌లోంచి ఇంకోసారి కొట్టండి. అక్కడ 401 వచ్చేదాకా రిలీజ్ ఆపండి.